తాను కూలిన రోజుకు దారి రాసిపెట్టుకునే సర్వర్

అడవులదీవి నిజాంపట్నం మండలంలోని ఊరు. 2022 ఏప్రిల్‌లో బాపట్ల జిల్లా ఏర్పడేదాకా గుంటూరు జిల్లాలో ఉండేది. అటు సముద్రం, ఇటు కృష్ణ పాయలు, పక్కనే నిజాంపట్నం హార్బరు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను ఈ తీరంలో పెద్దవాళ్లు ఇంకా తేదీతో సహా చెబుతారు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. గాలి, ఉప్పునీరు, వరద: మూడూ తెలిసిన నేల ఇది.

ఇలాంటి చోట నీళ్లు తీశాక మనుషుల క్షేమం తర్వాత అందరూ వెతుక్కునేది కాగితాలనే. పట్టా ఏది, పాసుపుస్తకం ఏది, పిల్లల సర్టిఫికెట్లు ఏవి? నలభై ఏళ్ల కిందట తడిసిన కాగితం పోయినట్టే లెక్క. ఇప్పుడు 1-బీ, అడంగల్, బ్యాంకు ఖాతా అన్నీ ఎక్కడో దూరాన సర్వర్లలో ఉంటాయి. మన చేతిలో ఉండేది వాటి నకలు. అది తడిస్తే మీసేవకు వెళ్లి ఇంకోటి తెచ్చుకుంటాం. ఆ ధీమా ఎక్కడి నుంచి వచ్చింది? సర్వర్లలో ఉన్నదానికి ఇంకెక్కడో నకలు ఉందన్న నమ్మకం నుంచి వచ్చింది. ఆ నకళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో రాసిపెట్టుకున్న సర్వరే కూలిపోతే? ఆ ప్రశ్నకు జవాబుగా రూపొందిన ఒక పనితనాన్ని పరిచయం చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పెద్ద సంస్థల్లో వందల, వేల కంప్యూటర్ల బ్యాకప్‌లను ఒకచోట చేర్చి చూసుకునే సర్వర్‌ను స్టోరేజ్ మేనేజ్‌మెంట్ సర్వర్ అంటారు. ఈ రంగంలో పాతకాపు ఐబీఎం సాఫ్ట్‌వేర్. దాని పుట్టుక కాలిఫోర్నియాలోని అల్మడెన్ పరిశోధనా కేంద్రంలో, 1980ల చివర. 1993లో ఏడీఎస్ఎం పేరుతో మార్కెట్లోకి వచ్చింది. 1999లో టివోలీ స్టోరేజ్ మేనేజర్ అయింది. 2015లో స్పెక్ట్రమ్ ప్రొటెక్ట్, ఇప్పుడు స్టోరేజ్ ప్రొటెక్ట్. పేర్లు ఎన్ని మారినా డేటా సెంటర్లలో పనిచేసే పాతతరం అడ్మిన్లు ఇప్పటికీ టీఎస్ఎం అనే పిలుస్తారు. ఇక్కడా అదే పేరు వాడతాను.

టీఎస్ఎం బ్యాకప్ చేసే తీరు తెలిస్తేనే దాని డేటాబేస్ విలువ తెలుస్తుంది. ఒక కంప్యూటర్‌లోని ఫైళ్లన్నిటినీ అది మొదటిసారి ఒక్కసారే పూర్తిగా తీసుకుంటుంది. ఆ తర్వాత ప్రతి రాత్రీ మారిన ఫైళ్లే వస్తాయి. మళ్లీ పూర్తి కాపీ అడగదు. నెట్‌వర్క్ మీద భారం తగ్గుతుంది, బ్యాకప్‌లు రాసే టేపులు ఆదా అవుతాయి. అయితే ఒకే ఫోల్డర్‌లోని పది ఫైళ్లు పది రాత్రుల్లో పది వేర్వేరు టేపుల మీదికి చేరవచ్చు. చిన్న ఫైళ్లను గుత్తులుగా కట్టి రాస్తుంది కాబట్టి ఒక్క టేపు మీదే వందమంది సరుకు కలిసిపోయి ఉంటుంది. ఏ ఫైలు ఎవరిది, ఎన్నో ప్రతి, ఏ టేపు మీద ఏ చోట ఉంది, ఎన్నాళ్లు ఉంచాలి అన్నదంతా డేటాబేస్‌లోనే ఉంటుంది.

వేటపాలెంలో 1918లో మొదలైన సారస్వత నికేతనం గ్రంథాలయాన్ని తలుచుకోండి. అక్కడి జాబితా పుస్తకం పోయిందనుకుందాం. పెద్ద నష్టమే. కానీ బీరువాల్లో పుస్తకాలు ఉంటాయి, అట్టల మీద పేర్లు ఉంటాయి. ఓపికున్నవాళ్లు మళ్లీ జాబితా రాసుకోగలరు. టీఎస్ఎం టేపులకు ఆ వెసులుబాటు లేదు. డేటాబేస్ పోతే గదినిండా టేపులున్నా వాటిలోంచి ఒక్క ఫైలు బయటికి రాదు. డేటాబేస్‌ను తిరిగి తేలేకపోతే బ్యాకప్ చేసిన సరుకంతా పోయినట్టేనని తయారీదారు మాన్యువల్‌ కూడా దాపరికం లేకుండా చెబుతుంది. వెయ్యి కంప్యూటర్ల రక్ష ఒక్క డేటాబేస్ మీద ఆధారపడి ఉంది. అందుకే ఆ డేటాబేస్ రక్షణ కోసం ఈ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు పెట్టిన శ్రద్ధ చూసి తీరాలి.

బ్యాకప్ డీబీ అనే ఒక్క ఆదేశంతో పని మొదలవుతుంది. సర్వర్‌ను ఆపనక్కర్లేదు. ఒకపక్క వచ్చే బ్యాకప్‌లు వస్తూనే ఉంటాయి, ఇంకోపక్క డేటాబేస్ నకలు తయారవుతూ ఉంటుంది. ఇందులో మూడు రకాలు. ఫుల్ అంటే మొత్తం డేటాబేస్. ఇంక్రిమెంటల్ అంటే కిందటి ఫుల్ తర్వాత మారినదంతా. మూడోది స్నాప్‌షాట్. ఇదీ మొత్తం డేటాబేసే, కానీ ఫుల్, ఇంక్రిమెంటల్ వరసతో దీనికి సంబంధం ఉండదు. ఊరి బయటికి పంపడానికి విడిగా ఒక నకలు కావాలంటే స్నాప్‌షాట్ తీస్తారు. గదిలో నడుస్తున్న వరస చెక్కుచెదరదు. ఇంట్లో ఉంచే నకలు, ఊరు దాటించే నకలు రెండూ వేర్వేరు అవసరాలని గుర్తించి, ఒకదాని వల్ల ఇంకోదానికి ఇబ్బంది లేకుండా చేసిన ఏర్పాటు ఇది.

2009లో వచ్చిన 6.1 వెర్షన్‌తో లోపలి నిర్మాణం మారింది. అప్పటిదాకా టీఎస్ఎంకు సొంత డేటాబేస్ ఉండేది. దాని గరిష్ఠ పరిమాణం 530 జీబీ. పెద్ద సంస్థలకు అది చాలక దాని స్థానంలో డీబీ2 అనే డేటాబేస్‌ను తెచ్చారు. ఇక్కడ నాకు ఎంతో నచ్చిన పని ఒకటి జరిగింది. డీబీ2 తన బ్యాకప్‌ను ఎక్కడికి పంపాలి? దాని కోసం ఇంకో దారి వేయలేదు. బయటి కంప్యూటర్లు టీఎస్ఎంకు సరుకు పంపే దారి ఏదో, అదే దారిని డీబీ2కూ చూపించారు. ఒక ప్రత్యేకమైన నోడ్ పేరుతో డేటాబేస్ తన సర్వర్‌కే క్లయింట్ అవుతుంది. వేలమంది రోజూ నడిచి గట్టిపడిన బాట మీదే సర్వర్ కూడా తన ప్రాణాన్ని పంపుకుంటుంది. టేపులు, వాటిని చదివే డ్రైవులు, అరల్లో ఉంచే టేప్ లైబ్రరీలు నడిపే కోడ్ రెండోసారి రాయాల్సిన పని తప్పింది. రెండు చోట్ల తప్పులు దొర్లే అవకాశమూ తప్పింది.

దీనికి తోడు లాగ్ ఉంటుంది. డేటాబేస్‌లో జరిగే ప్రతి మార్పూ ముందు యాక్టివ్ లాగ్‌లో పడుతుంది. నిండిన లాగ్ ఫైళ్లు ఆర్కైవ్ లాగ్‌లోకి చేరతాయి. నిన్న రాత్రి తీసిన బ్యాకప్‌కు ఈ లాగ్‌లను కలిపి నడిపిస్తే డేటాబేస్ కూలిన క్షణం దాకా తిరిగొస్తుంది. ఆర్కైవ్ లాగ్ చోటు నిండుతోందంటే బ్యాకప్ ఆలస్యమైందని అర్థం. మామూలు అమరికలో ఆ చోటు 80 శాతం నిండగానే సర్వర్ ఎవరూ చెప్పకుండానే డేటాబేస్ బ్యాకప్ మొదలుపెడుతుంది. అడ్మిన్ సెలవులో ఉన్నా, మరిచిపోయినా పని ఆగదు. అలా మొదలుపెట్టాలంటే ఏ పరికరం మీదికి పంపాలో ముందే చెప్పి ఉంచాలి. ఆ మాట చెప్పేదాకా మామూలు బ్యాకప్ ఆదేశాన్ని కూడా సర్వర్ అంగీకరించదు. ముందుచూపును మనిషి ఇష్టానికి వదలకుండా నియమంగా కట్టారు.

ఇక అసలు చిక్కుముడి. ఏ సరుకు ఏ టేపు మీద ఉందో చెప్పేది డేటాబేస్. డేటాబేస్ బ్యాకప్ కూడా ఒక టేపు మీదే ఉంది. అది ఏ టేపు? ఆ సంగతి డేటాబేస్‌లోనే రాసి ఉంటే డేటాబేస్ పోయిన రోజు చెప్పేవాళ్లు ఎవరు? బ్యాకప్ వ్యవస్థ రాసే ప్రతివాడూ ఈ ప్రశ్న దగ్గర ఆగాలి. టీఎస్ఎం రూపకర్తలు ఆగారు. వాళ్లు ఇచ్చిన జవాబు రెండు మామూలు టెక్స్ట్ ఫైళ్లు.

మొదటిది వాల్యూమ్ హిస్టరీ. ఏ తేదీన, ఏ సమయాన, ఏ రకం డేటాబేస్ బ్యాకప్ ఏ టేపు మీదికి వెళ్లిందో ఇందులో వరసగా ఉంటుంది. కొత్త టేపు వాడినా, పాతది ఖాళీ చేసినా సర్వర్ ఈ ఫైల్‌ను తనంతట తానే సరిచేస్తుంది. అమరికల ఫైల్‌లో ఎన్ని చోట్లు రాస్తే అన్ని చోట్లా ఒకేసారి రాస్తుంది. దాన్ని చదవడానికి డేటాబేస్ అక్కర్లేదు, టీఎస్ఎం కూడా అక్కర్లేదు. ఏ ఎడిటర్‌లో తెరిచినా మనిషి కంటికి కనిపిస్తుంది. ఈ ఫైల్ విలువ ఎంతంటే 6.1 నుంచి ఇది లేకుండా డేటాబేస్ రీస్టోర్ కుదరదు.

రెండోది డివైస్ కాన్ఫిగరేషన్ ఫైల్. టేపు ఏదో తెలిసింది సరే, దాన్ని ఏ డ్రైవులో పెట్టాలి, ఆ డ్రైవుకు దారి ఏది? అదీ మామూలుగా డేటాబేస్‌లో ఉండే సంగతే. అందుకని లైబ్రరీ, డ్రైవులు, దారులు అన్నిటినీ ఆదేశాల రూపంలోనే ఈ ఫైల్‌లో రాసి ఉంచుతారు. ఆటోమేటిక్ లైబ్రరీ అయితే ఏ టేపు ఏ అరలో ఉందో చెప్పే వరసలు కూడా ఉంటాయి. అవి వ్యాఖ్యల రూపంలో ఉన్నా రీస్టోర్ వేళ సర్వర్ వాటిని చదువుకుంటుంది. అంతకుమించి, ఈ ఫైల్‌ను మనిషి చేత్తో దిద్దవచ్చు. వరదలో అసలు భవనమే మునిగి, వేరే ఊళ్లో వేరే రకం టేప్ లైబ్రరీ ముందు నిలబడాల్సి వస్తే, నాలుగు వరసలు మార్చి కొత్త డ్రైవును చూపిస్తే చాలు. లైబ్రరీయే లేదు, ఒంటరి డ్రైవు ఒక్కటే దొరికిందన్నా, చేత్తో టేపు పెట్టే పద్ధతిగా మార్చి రాసుకోవచ్చు.

ఈ రెండు ఫైళ్లనూ గుప్తమైన రూపంలో, సాఫ్ట్‌వేర్‌కు మాత్రమే అర్థమయ్యేలా చేసి ఉండవచ్చు. అలా చేయలేదు. ఆపద రోజున అక్కడ ఎవరుంటారో, ఏ పరికరం దొరుకుతుందో ముందుగా తెలియదు కాబట్టి మనిషి చదవగలిగేలా, దిద్దగలిగేలా ఉంచారు. ఈ పనితనంలో నేను అన్నిటికంటే ఎక్కువగా గౌరవించేది ఈ నిర్ణయాన్నే.

బ్యాకప్ టేపు మీదికా, డిస్క్ మీది ఫైల్‌లోకా అన్నది ప్రతి అడ్మిన్‌కూ ఎదురయ్యే ప్రశ్న. రెండింటికీ ఆదేశం ఒకటే. పరికరం పేరు ఒక్కటే మారుతుంది. ఫైల్ పద్ధతిలో డిస్క్ మీద ఒక డైరెక్టరీలో డీబీవీ అనే తోకపేరుతో ఫైళ్లు తయారవుతాయి. డ్రైవు ఖాళీ అయ్యేదాకా ఆగాల్సిన పని లేదు, రీస్టోర్ కూడా వేగంగా అవుతుంది. పొదుపు కూడా ఉంది. ప్రతి డేటాబేస్ బ్యాకప్ కొత్త టేపుతోనే మొదలవుతుంది. నిన్నటి టేపులో మిగిలిన చోటును ఇవాళ వాడదు. 2000లో వచ్చిన ఎల్టీఓ రకం మొదటి టేపు కార్ట్రిడ్జ్‌లో 100 జీబీ పట్టేది. 2021 నాటి ఎల్టీఓ-9లో 18 టీబీ పడుతుంది. కొద్దిపాటి డేటాబేస్ కోసం అంత టేపును రోజుకొకటి కేటాయించడం చాలాచోట్ల మోయలేని ఖర్చు.

మరి టేపు ఎందుకు? దాన్ని డ్రైవులోంచి తీసి చేత్తో పట్టుకుని తీసుకెళ్లవచ్చు. అరలో ఉన్న టేపును వైరస్ తాకలేదు, దొంగ పాస్‌వర్డ్‌తో లోపలికి వచ్చినవాడు చెరపలేడు, కరెంటు కోత చెడగొట్టలేదు. ఎల్టీఓ-9 కార్ట్రిడ్జ్ లోపల అరంగుళం వెడల్పున్న టేపు కిలోమీటరుకు పైగా చుట్టి ఉంటుంది. అంతటినీ అరచేతిలో పట్టేంత పెట్టెలో పెట్టి వందల కిలోమీటర్లు పంపవచ్చు. ఫైల్‌కు ఈ గుణం లేదు. సర్వర్ ఉన్న గదిలోనే ఆ డిస్క్ కూడా ఉంటే రెండూ కలిసే మునుగుతాయి. అనుభవమున్నవాళ్లు రెండూ వాడతారు: త్వరగా లేవడానికి ఫైల్, ఊరు దాటించడానికి టేపు. టేపు లేనిచోట ఫైల్ నకలును దూరంలోని ఇంకో సర్వర్‌కు పంపుతారు.

ఎంత దూరం పంపాలి? దీనికి మన డెల్టా మంచి పాఠం చెబుతుంది. బాపట్లలో సర్వర్ పెట్టి టేపును రేపల్లెలో దాస్తే ఒకే తుపాను రెండింటి మీదా పడుతుంది. తెనాలి తీరానికి లోపలే అయినా డెల్టాలోనే ఉంది. అయితే దూరంగా కర్నూలు పంపితే? 2009 అక్టోబరు మొదట్లో కర్నూలును ముంచిన వరద నీళ్లే ఆ తర్వాత ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి రేపల్లె వైపు ఊళ్ల మీదికి వచ్చాయి. రెండు ఊళ్ల మధ్య దూరం ఎంతున్నా నది ఒకటే. కాబట్టి దూరాన్ని కిలోమీటర్లలో కొలిస్తే సరిపోదు. ఒకే గాలి, ఒకే నీరు రెండు నకళ్లనూ అందుకోలేని చోటు వెతకాలి.

టేపు ప్రయాణాన్ని కూడా సర్వర్ అడుగడుగునా లెక్కలో పెడుతుంది. గదిలో ఉందా, లైబ్రరీలోంచి తీశారా, కొరియర్ చేతిలో ఉందా, ఖజానాకు చేరిందా, గడువు తీరి తిరిగి వస్తోందా అన్నది ప్రతి టేపుకూ నమోదవుతుంది. ఇందులోనే మరో సూక్ష్మమైన ఏర్పాటు ఉంది. ఐదు రోజుల కిందటి డేటాబేస్‌ను తిరిగి తెచ్చారనుకోండి. ఫలానా ఫైలు ఫలానా టేపు మీద ఉందని అది చెబుతుంది. ఈ ఐదు రోజుల్లో ఆ టేపును ఖాళీ చేసి దాని మీద వేరే సరుకు రాసి ఉంటే ఆ మాట అబద్ధమవుతుంది. అందుకని ఖాళీ అయిన టేపును కూడా కొన్నాళ్లు ముట్టుకోకుండా ఉంచే రీయూజ్ డిలే అనే అమరిక పెట్టారు. డేటాబేస్ బ్యాకప్‌లను ఎన్నాళ్లు ఉంచుతారో ఖాళీ టేపులనూ అన్నాళ్లు ఆపాలి. రెండు అంకెలు సరిపోలితేనే పాత డేటాబేస్ చెప్పే మాట నిజమవుతుంది. పాత డేటాబేస్ బ్యాకప్‌లను తుడిచేయమని ఆదేశించినా అన్నిటికంటే తాజా వరసను సర్వర్ తుడవనివ్వదు.

రోజువారీ పనుల వరసలోనూ ఇదే జాగ్రత్త. రాత్రి కంప్యూటర్ల బ్యాకప్ పూర్తయ్యాక ముందుగా ఆ సరుకుకు రెండో నకలు తీస్తారు. డేటాబేస్ బ్యాకప్ దాని తర్వాతే. ముందే తీస్తే ఊరు దాటించే డేటాబేస్‌కు రెండో నకలు సంగతే తెలియదు. డేటాబేస్ తర్వాత వాల్యూమ్ హిస్టరీ, డివైస్ కాన్ఫిగరేషన్ ఫైళ్లు. ఆపైన ప్రిపేర్ అనే ఆదేశం ఒక రికవరీ ప్లాన్ ఫైల్ రాస్తుంది. ఏ టేపులు తెప్పించాలి, ఎవరికి ఫోన్ చేయాలి, ఏ క్రమంలో ఏ ఆదేశాలు నడపాలి అన్నవన్నీ అందులో ఉంటాయి. గడువు తీరిన సరుకు తొలగించడం, టేపులు సర్దడం లాంటివి అన్నిటికంటే చివర. ముందు భద్రత, తర్వాత శుభ్రత అన్న క్రమం ఇది.

ఇంత చేసినా సాఫ్ట్‌వేర్ చేయలేని పనులు కొన్ని మిగులుతాయి. ఆ రెండు టెక్స్ట్ ఫైళ్లనూ సర్వర్ ఉన్న డిస్క్ మీదే వదిలేస్తే వాటికి అర్థం లేదు. డేటా రహస్య సంకేతంలో ఉంటే దాన్ని విప్పే తాళం కూడా నకలుతో పాటు వెళ్లాలి. ఇప్పటి వెర్షన్లలో ఆ తాళాన్ని పాస్‌వర్డ్‌తో భద్రపరిచి డేటాబేస్ బ్యాకప్‌లోనే పంపే వీలుంది. కానీ ఆ పాస్‌వర్డ్‌ను గుర్తుంచుకోవాల్సింది మనిషే. తీసిన బ్యాకప్ నిజంగా లేస్తుందా అన్నది వేరే యంత్రం మీద రీస్టోర్ చేసి చూస్తేనే తెలుస్తుంది. పూర్తయింది అన్న సందేశం చూసి తృప్తిపడే చోట ఈ పనితనం సగమే ఉపయోగపడుతుంది.

ఇది పాత సాఫ్ట్‌వేర్. తెర మీద మెరుపులు తక్కువ, ఆదేశాలు ఎక్కువ, నేర్చుకోవడానికి ఓపిక కావాలి. అయినా ముప్పై ఏళ్లు దాటి నిలబడింది. తాను లేని రోజును ముందే ఊహించి, ఆ రోజున వచ్చే మనిషికి కావలసినదంతా తన బయట రాసిపెట్టడం దీని గొప్పతనమని నా అభిప్రాయం. బాపట్ల, రేపల్లె, తెనాలి కాలేజీల్లో కంప్యూటర్ చదివే పిల్లలకు నాదొక మాట. మీరు రేపు ఏ దస్త్రాలకు కాపలా ఉన్నా, చిన్న సొసైటీ లెక్కలైనా, జిల్లా భూముల రికార్డులైనా, మూడు పనులు తప్పకుండా చేయండి. నకలు ఎక్కడుందో చెప్పే చీటీని నకలుకు దూరంగా, మనిషి చదవగలిగేలా ఉంచండి. ఒకే తుపాను, ఒకే వరద అందుకోలేని చోట ఇంకో నకలు పెట్టండి. ఏడాదికొకసారైనా అసలును పక్కనబెట్టి, ఆ నకలుతోనే పని నడిపి చూడండి.